బీలను ఖాళీ భూమిగా రాయకండి
శ్రీకాకుళం జిల్లాలో భూముల రీసర్వే పని చూస్తున్న రెవెన్యూ, సర్వే శాఖల అధికారులకు బహిరంగ లేఖ

అయ్యా, అమ్మా,

నమస్కారం. మేము సోంపేట, కంచిలి, కవిటి మండలాల్లో బీల, అంటే ఏటా నీళ్ళు నిలిచే చిత్తడి పల్లం, అంచున ఉన్న ఊళ్ళవాళ్ళం. మాలో రైతులున్నారు, చేపలు పట్టి అమ్ముకునేవాళ్ళున్నారు, గేదెలు మేపుకునేవాళ్ళున్నారు, తుంగ కోసి చాపలల్లే ఆడవాళ్ళున్నారు. బీలను రికార్డులో ఉన్నదున్నట్టు రాయమని సోమవారం అర్జీల్లో అడిగాం. రీసర్వే బృందం ఊళ్ళోకి వచ్చినప్పుడు నోటితో కూడా చెప్పుకున్నాం. ఒక కార్యాలయం నుంచి వచ్చిన జవాబులో ఆ భూమి పాత రికార్డు ప్రకారం ప్రభుత్వ బంజరు అని, కాబట్టి అర్జీ ముగిసిందని ఉంది. మేము మార్చమని అడిగింది ఆ పాత రికార్డునే. దాన్నే సాక్ష్యంగా చూపించి అర్జీ మూసేస్తే ఇక మాకు మిగిలిన దారి ఇలా అందరి ముందూ మాట్లాడటమే.

మీ శాఖల్లో ఎంత పని ఉందో మాకు తెలుసు. 2020 డిసెంబరులో మొదలైన రీసర్వే నూరేళ్ళ నాటి కొలతలను సరిచేసే పని. డ్రోన్లు, ఉపగ్రహాల సాయంతో హద్దులు కొలిచే రోవర్లు వచ్చాయి, ప్రతి కమతానికీ కొత్త పటం వస్తోంది. దాన్ని మేము కాదనడం లేదు. హద్దు తగాదాలతో కోర్టుల చుట్టూ తిరిగినవాళ్ళు మాలోనూ ఉన్నారు. అయితే ఈ కొత్త పటంలో బీల ఏమని పడుతుందో, రాబోయే రెండు మూడు తరాలపాటు అది ప్రభుత్వం కంటికి అదే అవుతుంది. అందుకే ఇంత పట్టుదలగా అడుగుతున్నాం.

ముందుగా బీల ఎలాంటి చోటో చెప్పాలి. ఈ జిల్లాకు కొత్తగా వచ్చే అధికారులు దీన్ని రోడ్డు మీద నుంచి చూసి వెళ్ళిపోతారు కాబట్టి ఇది అవసరమే. తూర్పున సముద్రం వెంబడి ఎత్తయిన ఇసుక నేల ఉంది. అదే కొబ్బరి, జీడి, పనస తోటల ఉద్దానం. పడమట కొండల మీద నుంచి గెడ్డలు, అంటే వాగులు, దిగుతాయి. ఆ గెడ్డల నీళ్ళు, వాన నీళ్ళు నేరుగా సముద్రంలోకి పోకుండా ఈ రెంటి మధ్య పల్లంలో నిలుస్తాయి. ఆ పల్లమే బీల. ఆషాఢం, శ్రావణాల్లో నిండుతుంది. కార్తీకం దాకా కొన్ని చోట్ల దోనె మీద తప్ప వెళ్ళలేం. పుష్యం, మాఘాల్లో అంచులు ఆరుతూ వస్తాయి, ఆరిన మేర పశువులు దిగుతాయి. చైత్ర వైశాఖాలకు చాలా భాగం నెర్రెలు విచ్చి కనిపిస్తుంది, నడుమ లోతట్టున మాత్రం నీళ్ళుంటాయి.

సర్వే జరిగేది ఎప్పుడు? నడవడానికి, రాళ్ళు పాతడానికి, రోవరు పట్టుకుని తిరగడానికి వీలుండే కాలంలో. అంటే ఎండల్లో. మా తాతల కాలంలో గొలుసు పట్టుకుని వచ్చినవాళ్ళూ అప్పుడే వచ్చారు. వాళ్ళకు కనిపించింది పంట లేని, ఇల్లు లేని, చెట్టు లేని ఎండిన మట్టి. కనిపించిందే రాసుకున్నారు. ఏడాదిలో రెండు మూడు నెలలు మాత్రమే ఉండే ముఖం మిగిలిన తొమ్మిది పది నెలలకూ రికార్డైపోయింది. అప్పటి ఉద్యోగులు చెడ్డవాళ్ళని మేము అనడం లేదు. వాళ్ళ దగ్గరున్న పుస్తకంలో గడులు శిస్తు వసూలు కోసం గీసినవి. శిస్తు వచ్చే నేలకు ఒక గడి, రాని నేలకు ఇంకో గడి. మేపుకునే నేల, చేపలు పట్టే నేల, వరద ఆగే నేల శిస్తు కట్టవు కాబట్టి పనికిరాని నేల గడిలో పడ్డాయి.

పైగా మా రికార్డులు ఎన్ని చేతులు మారాయో చూడండి. ఈ ప్రాంతం మందస, పర్లాకిమిడి వంటి జమీందారీల మధ్య నలిగింది. 1936 ఏప్రిల్ 1న ఒరిస్సా ఏర్పడేదాకా మేము గంజాం జిల్లా. ఆ రోజు గంజాం రెండుగా చీలింది, ఇచ్ఛాపురం, సోంపేట, టెక్కలి వైపు భాగం విశాఖపట్నం జిల్లాలో కలిసింది. 1950 ఆగస్టు 15న శ్రీకాకుళం జిల్లా అయింది. జిల్లా పేరు మారినప్పుడల్లా పాత పుస్తకంలోది కొత్త పుస్తకంలోకి ఎక్కింది. నీళ్ళున్నప్పుడు ఎవరైనా వచ్చి మళ్ళీ చూశారా అంటే మా పెద్దల్లో ఎవరికీ గుర్తు లేదు.

ఇక్కడ ఒక విషయం మీ దృష్టికి ప్రత్యేకంగా తేవాలి. జమీందారీలను రద్దు చేసిన 1948 మద్రాసు ఎస్టేట్ల రద్దు చట్టం, 3వ సెక్షన్‌లో ప్రభుత్వానికి దఖలయ్యేవాటి జాబితా ఇచ్చింది. అందులో బంజరు భూములు వేరు, పచ్చిక బయళ్ళు వేరు, చెరువులు వేరు, చేపల రేవులు వేరు, ఊరుమ్మడి భూములు వేరు. చట్టం రాసినవాళ్ళకు ఆ తేడా తెలుసు. పుస్తకం నింపేటప్పుడే ఆ తేడా చెరిగిపోయింది. కాబట్టి మేము అడుగుతున్నది కొత్త వరం కాదు. డెబ్బై అయిదేళ్ళ కిందటి చట్టం ఒప్పుకున్న తేడాను కాగితం మీద పెట్టమంటున్నాం.

ఇదంతా పాత కథ అని మీరు అనుకోవచ్చు. ఆ ఒక్క గడి వల్ల ఏం జరిగిందో జిల్లా అంతటికీ తెలుసు. బంజరుగా రాసి ఉన్నందునే ఈ బీలలో థర్మల్ విద్యుత్ ప్లాంటు కోసం భూమి కేటాయించారు. మేము వద్దన్నాం. 2010 జూలై 14న పోలీసు కాల్పులు జరిగాయి, మనుషులు పోయారు. ఆ ప్రాజెక్టుకు ఇచ్చిన పర్యావరణ అనుమతిని జాతీయ పర్యావరణ అప్పిలేట్ అథారిటీ రద్దు చేసింది. ఏడాది తిరగకుండానే, 2011 ఫిబ్రవరి 28న, సంతబొమ్మాళి మండలం కాకరాపల్లి దగ్గరి తంపర భూముల్లో, అంటే బీల లాంటి చిత్తడి పల్లంలోనే, అదే జరిగింది. అక్కడా థర్మల్ ప్లాంటే, అక్కడా కాల్పులే, అక్కడా ప్రాణాలు పోయాయి. ఈ రెండు చోట్లా తగాదా విద్యుత్తు కావాలా వద్దా అని రాలేదు. ప్రభుత్వం దగ్గరున్న కాగితంలో ఆ చోట ఎవరూ లేరు, నేల మీద మాత్రం వేలమంది ఉన్నారు. ఆ రెండూ ఎదురుపడ్డ రోజున లాఠీలు, తూటాలు వచ్చాయి. కాగితం ముందే సరిగ్గా ఉండి ఉంటే ఆ స్థలాన్ని ఎవరూ ఎంచుకునేవాళ్ళే కాదని మేము గట్టిగా నమ్ముతున్నాం. పోయినవాళ్ళ ఇళ్ళు మా ఊళ్ళలోనే ఉన్నాయి. ఆ కుటుంబాల ముందు నుంచి రోజూ నడిచి వెళ్ళేవాళ్ళం మేము. రీసర్వేలో మళ్ళీ అదే మాట రాస్తే మేము ఊరుకోలేకపోవడానికి కారణం అదే.

బీలను బంజరుగా రాస్తే మామూలు మనుషులకు ఏమవుతుందో వరసగా చెబుతున్నాం.

1. నోటీసు రాదు. రీసర్వేలో పట్టాదారుకు నోటీసు ఇస్తారు. అతను పొలం దగ్గరికి వచ్చి హద్దు చూపించుకుంటాడు, తేడా ఉంటే అభ్యంతరం రాసిస్తాడు. ప్రభుత్వ భూమికి ప్రభుత్వ ఉద్యోగే నిలబడతారు. బీల మీద బతికేవాళ్ళలో ఎక్కువమందికి సెంటు పట్టా లేదు. చేపల వేట మీద బతికే కేవిటి కులం కుటుంబాలకు లేదు, కూలికి వెళ్తూ ఒక గేదెను మేపుకునే ఇంటికి లేదు, తుంగ కోసే ఆడవాళ్ళకు లేదు. ఆ నేల గురించి అందరికన్నా ఎక్కువ తెలిసినవాళ్ళు వీళ్ళే. వీళ్ళను పిలిచి అడగాలన్న నిబంధన మాత్రం సర్వేలో ఎక్కడా కనిపించడం లేదు.

2. నష్టపరిహారం చట్టం కూడా అందదు. ఇది చాలామందికి తెలియని సంగతి, కాస్త వివరంగా చెబుతాం. 2013 భూసేకరణ చట్టంలో బాధిత కుటుంబం అంటే భూమి పోయినవాళ్ళు మాత్రమే కాదు. సేకరణకు ముందు మూడేళ్ళుగా అడవుల మీద గాని, నీటి వనరుల మీద గాని ఆధారపడి బతుకుతున్న కుటుంబాలు కూడా ఆ నిర్వచనంలోకి వస్తాయి. చేపలు పట్టేవాళ్ళను, పడవ నడిపేవాళ్ళను చట్టం పేరు పెట్టి మరీ చెప్పింది. ఆ రక్షణ మాకు దొరకాలంటే మొదట బీల నీటి వనరు అని రికార్డు చెప్పాలి. బంజరు అని చెబితే అక్కడ నీళ్ళే లేనట్టు, చేపలు లేనట్టు, పట్టేవాడూ లేనట్టు. పైగా అది ప్రభుత్వ భూమి కాబట్టి సేకరణ అనే ప్రక్రియ లేకుండానే ఒక ఉత్తర్వుతో చేతులు మారిపోతుంది. ఒక కుటుంబం మూడు తరాలుగా కొర్రమీను, జెల్ల, రొయ్య పట్టి పిల్లల్ని చదివించుకుని ఉండవచ్చు. ఆ కుటుంబం నష్టపోయిందని రుజువు చేయడానికి ఒక్క కాగితం ముక్క ఉండదు.

3. పశువులకు మేత పోతుంది. మాఘం నుంచి తొలకరి దాకా ఈ ఊళ్ళ గేదెలకూ ఆవులకూ బీలే ఆధారం. మెట్ట మీద గడ్డి మాడిపోయిన కాలంలో ఇక్కడ పచ్చిక ఉంటుంది. పాలు పోసి నెలసరి ఖర్చులు గడుపుకునే ఇళ్ళు మేత కొని పశువును పోషించలేవు, అమ్ముకుంటాయి. ఆ తర్వాత మగవాళ్ళు బతుకుతెరువు వెతుక్కుంటూ చెన్నైకో, హైదరాబాదుకో, ఇంకా దూరానికో బయల్దేరతారు. జిల్లా నుంచి వలసలు ఎందుకని సమీక్షలు జరుగుతుంటాయి. ఒక కారణం ఇక్కడ ఉంది.

4. సాగునీరు. బీల నీళ్ళను ఎత్తిపోసుకుని పండించే పొలాలున్నాయి. చుట్టుపక్కల బావుల్లో వేసవి దాకా నీళ్ళుండటానికీ ఈ పల్లంలో నీళ్ళు నిలవడమే కారణమని రైతులందరికీ అనుభవం.

5. వరద. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను ఈ తీరం మీదే దాటింది. కొబ్బరి, జీడి తోటలు నేలకొరిగాయి, మళ్ళీ కాపుకొచ్చేందుకు ఏళ్ళు పట్టింది. అలాంటి రోజున కొండల నుంచి దిగే నీళ్ళు విస్తరించడానికి చోటు కావాలి. బీలను మట్టితో ఎత్తు చేస్తే ఆ నీళ్ళు పొలాల మీదికో ఇళ్ళ మీదికో రాక తప్పదు. ఇది చెప్పడానికి ఇంజనీరు అక్కర్లేదు. గెడ్డకు అడ్డంగా చిన్న గట్టు వేసినా ఎగువ పొలం మునగడం ప్రతి రైతూ చూసినదే.

6. ఆడవాళ్ళ పని. జమ్ము, తుంగ కోసుకోవడం, ఆకుకూర ఏరుకోవడం, నత్తలు, చిన్న చేపలు పట్టుకోవడం. వీటిని ఏ లెక్కల్లోనూ పనిగా రాయరు. మగవాళ్ళు వలస వెళ్ళిన ఇళ్ళలో పిల్లల కూరగిన్నె నిండేది వీటితోనే.

7. పక్షులు. ఇచ్ఛాపురం మండలం తేలుకుంచి చెట్ల మీద నత్తగొట్టు కొంగలు గూళ్ళు కట్టుకుంటాయి. టెక్కలి మండలం తేలినీలాపురానికి గూడబాతులు, రంగురంగుల పెద్ద కొంగలు ఏటా వస్తాయి. ఆ ఊళ్ళవాళ్ళు వాటిని పుట్టింటికొచ్చిన ఆడపిల్లల్లా చూసుకుంటారు, రెట్ట వాసన భరిస్తారు, రాయి విసరనివ్వరు. గూడు ఒక ఊళ్ళో ఉన్నా మేత కోసం పక్షులు వెళ్ళేది చుట్టూ ఉన్న పల్లాలకూ బీలలకూ తంపరలకూ. చెట్టును కాపాడి మేత నేలను బంజరని రాస్తే ఆ పక్షులు ఎన్నాళ్ళు వస్తాయి?

పై వాటిలో కొన్ని మీరు ముందే విని ఉంటారు. అయినా రికార్డు ఎందుకు మారలేదని మాలో మేము చాలాసార్లు మాట్లాడుకున్నాం. మాకు తోచిన కారణం చెబుతాం, తప్పుగా అనుకోవద్దు. ఒక చోటుకు గుర్తింపు రావాలంటే దానికి గుడో, కోటో, శాసనమో, చరిత్ర పుస్తకంలో పేజీయో ఉండాలన్న అలవాటు మనందరిలో ఉంది. విజయనగరం పెద్దచెరువు ఎవరికి తెలియదు? బొబ్బిలి యుద్ధం జరిగిన 1757లో పైడితల్లి అమ్మవారు ఆ చెరువులోనే దొరికిందని భక్తుల నమ్మకం. విజయదశమి తర్వాతి మంగళవారం ఆ అమ్మవారి సిరిమాను ఉత్సవం చూడటానికి మా ఊళ్ళ నుంచి కూడా వెళ్తారు. ఆ చెరువు బంజరని ఎవరైనా రాయగలరా? రాయలేరు, రాయకూడదు. మా జిల్లాలోనూ అరసవల్లి, శ్రీకూర్మం, శ్రీముఖలింగం, శాలిహుండం బోర్డుల మీద కనిపిస్తాయి. సంతోషమే. బీలకు మాత్రం బోర్డు లేదు. ఇక్కడ రాజు యుద్ధం చేయలేదు, శాసనం దొరకలేదు. ఇక్కడ జరిగినదంతా పని. రోజూ జరిగే పనికి స్మారకం ఎవరూ కట్టరు. అందువల్ల బయటివాళ్ళ కంటికి అది ఏమీ జరగని చోటుగా మిగిలింది.

మాకు మాత్రం బీలలో పేరు లేని చోటు లేదు. పెద్ద బీల, చిన్న బీల అని పెద్ద పేర్లు పటంలోకి ఎక్కితే ఎక్కవచ్చు. వాటిలోపల ఒక్కో మడుగుకూ, ఒక్కో మిట్టకూ, పశువులు దిగే ఒక్కో దారికీ మా పెద్దలు పెట్టిన పేర్లున్నాయి. ఎక్కడ లోతు, ఎక్కడ ఊబి, ఏ నెలలో ఏ ఊరివాళ్ళు ఎక్కడి దాకా దిగవచ్చు అన్న కట్టుబాటు ఆ పేర్లను అంటిపెట్టుకుని ఉంది. చేపలు పట్టేవాళ్ళకూ పశువులు మేపేవాళ్ళకూ మధ్య, ఎత్తిపోతల రైతుకూ దిగువ ఊరి రైతుకూ మధ్య గొడవలు మాలో లేవని చెప్పం. ఉన్నాయి. నీళ్ళు తొందరగా వదలమని ఒకరంటారు, ఇంకో నెల ఉంచమని ఇంకొకరంటారు. రచ్చబండ దగ్గర కేకలు వేసుకుని, చివరికి ఒక మాట మీదికి వస్తాం. కొన్ని అంచుల్లో మావాళ్ళే గట్లు జరిపి సాగులోకి తెచ్చుకున్నారు. అది కూడా సర్వేలో తేలాలి, దాచమని మేము అడగం. ఎవరికి ఎంత హక్కు అన్న తగాదా ఉన్న చోటును ఎవరికీ అక్కర్లేని చోటుగా రాయడం ఎలా సరైనది?

మా ప్రాంతం గురించి బయట ప్రచారంలో ఉన్న బొమ్మ కూడా దీనికి తోడైంది. ఉద్దానం అనగానే ఒకప్పుడు కొబ్బరి తోటలు తలుచుకునేవాళ్ళు. ఇప్పుడు కిడ్నీ జబ్బు తలుచుకుంటారు. జబ్బు నిజమే. పలాసలో ఆసుపత్రి, హిరమండలం నుంచి తాగునీటి పథకం 2023 డిసెంబరులో ప్రారంభమయ్యాయి, అవి ఎంతో అవసరమైనవి. కానీ ఆ ఒక్క మాటే మా ఊళ్ళకు చిరునామా అయిపోయి పెళ్ళి సంబంధాలు వెనక్కి వెళ్తున్నాయి. ఇంకో మాట, వెనుకబడిన ప్రాంతం. 2014 పునర్విభజన చట్టంలోనూ ఉత్తరాంధ్రను ఆ వరసలోనే చేర్చారు, నిధులు రావాలన్న మంచి ఉద్దేశంతోనే. అయితే వెనుకబడిన జిల్లా, జబ్బుల ప్రాంతం, బంజరు భూమి అన్న మూడు మాటలూ ఒకే ఫైలులో చేరినప్పుడు చదివేవారికి ఏమనిపిస్తుంది? అక్కడ పోవడానికి ఏమీ లేదు, ఏది పెట్టినా మేలే అనిపిస్తుంది. మా అభ్యంతరం ఆ తీరు మీద. పరిశ్రమలు రావద్దని మేము ఎన్నడూ అనలేదు. మా పిల్లలకూ ఉద్యోగాలు కావాలి. అవి ఎక్కడ పెట్టాలో తేల్చేటప్పుడు మీ ముందున్న కాగితం నిజం చెప్పాలి.

చట్టం వైపు నుంచి చూసినా దారి తెరిచే ఉంది. చిత్తడి నేలల సంరక్షణ నిబంధనలు 2010లో వచ్చాయి, 2017లో వాటి స్థానంలో కొత్తవి వచ్చాయి. కొత్త నిబంధనల కింద రాష్ట్ర చిత్తడి నేలల ప్రాధికార సంస్థ జాబితా తయారు చేయాలి, ఒక్కొక్క నేలకూ సంక్షిప్త పత్రం సిద్ధం చేసి నోటిఫై చేయించాలి. ఉపగ్రహ చిత్రాల ఆధారంగా దేశంలో గుర్తించిన, 2.25 హెక్టార్లకు మించిన 2,01,503 చిత్తడి నేలలను కాపాడాలని సుప్రీంకోర్టు 2017లోనే చెప్పింది. అంతకు ముందు 2011 జనవరి 28న జగ్‌పాల్ సింగ్ కేసులో ఊరుమ్మడి చెరువులు, మేత భూములు గ్రామాలకే దక్కాలని, ఆక్రమణలు తొలగించాలని అన్ని రాష్ట్రాలనూ ఆదేశించింది. రాష్ట్రంలో నీరు, భూమి, చెట్ల రక్షణ కోసం 2002 నుంచి వాల్టా చట్టం ఉంది. కొల్లేరుకు 2002లో చిత్తడి నేలలకిచ్చే అంతర్జాతీయ రామ్‌సర్ గుర్తింపు వచ్చింది. కొల్లేరంత పేరు మాకు అక్కర్లేదు. ఉన్న చట్టాల్లోకి బీల అడుగుపెట్టాలంటే మీ రికార్డులో ఒక గడి మారాలి, అంతే.

కాబట్టి మేము కోరుతున్నవి ఇవి:

1. బీల సర్వే నంబర్లను ఎండాకాలపు కొలతతో ముగించవద్దు. నీళ్ళున్న కాలంలో ఒకసారి, అంటే భాద్రపదం నుంచి కార్తీకం లోపల, మళ్ళీ వచ్చి నీటి పరపు హద్దును కొలిచి, ఆ హద్దునే కొత్త పటంలో చూపించండి. రెండు కాలాల డ్రోన్ చిత్రాలనూ రికార్డుతో జత చేయండి.

2. బీలలోకి వచ్చే గెడ్డలనూ, సముద్రం వైపు నీళ్ళు పోయే కాలువలనూ, అవి సముద్రంలో కలిసే మొగలనూ విడివిడిగా చూపించండి. నీటి దారి పటంలో లేకపోతే రేపు దాని మీద రోడ్డు పడుతుంది.

3. వర్గీకరణలో బంజరు తీసివేసి నీటి వనరు, ఊరుమ్మడి వినియోగం అని రాయండి. మేత, చేపల వేట, గడ్డి కోత, ఎత్తిపోతల ఆయకట్టు, పశువుల దారులు ఏ భాగంలో ఏ నెలల్లో ఉన్నాయో అనుబంధ రిజిస్టరులో నమోదు చేయండి. ఆ రిజిస్టరును గ్రామసభలో తెలుగులో చదివి వినిపించి, పట్టా లేనివాళ్ళ సంతకాలు, వేలిముద్రలు కూడా తీసుకోండి. గ్రామసభ పగలు కూలి వేళల్లో పెట్టవద్దు. ఉభాల (వరి నాట్ల) రోజుల్లో అసలే వద్దు. ఆడవాళ్ళు రాగలిగే సమయం ఊరిని అడిగి నిర్ణయించండి.

4. స్థానిక పేర్లను పటంలో రాయండి. చెప్పడానికి మా పెద్దలు సిద్ధంగా ఉన్నారు. వాళ్ళ వయసు దృష్ట్యా ఇది ఆలస్యం చేయదగిన పని కాదు.

5. సోంపేట బీలతో పాటు సంతబొమ్మాళి, టెక్కలి, వజ్రపుకొత్తూరు వైపున్న తంపరలకూ ఇదే పద్ధతి పాటించి, 2017 నిబంధనల ప్రకారం ప్రతిపాదనలు రాష్ట్ర ప్రాధికార సంస్థకు పంపండి. పంపిన నకలు పంచాయతీ నోటీసు బోర్డులో పెట్టండి.

6. ఇవన్నీ పూర్తయ్యేదాకా ఈ నేలలో ఒక్క సెంటు కూడా ఏ సంస్థకూ, ఏ శాఖకూ, ఏ అవసరానికీ కేటాయించబోమని లిఖితపూర్వకంగా చెప్పండి. ఈ కోరిక మిగతా అన్నిటికన్నా ముఖ్యం. కొలతలు సాగుతుండగానే కేటాయింపు జరిగిపోతే కొలతకు అర్థం లేదు.

ఈ జిల్లాలో పనిచేసే విలేకరులకూ, కళాశాలల్లో భూగోళం, చరిత్ర చెప్పే అధ్యాపకులకూ ఒక మనవి. బీల గురించి కాల్పుల వార్షికోత్సవం రోజున మాత్రమే రాయకండి. వానాకాలంలో రండి, చేపల వేటకు వెళ్ళేవాళ్ళతో ఒక పూట తిరగండి. మీ విద్యార్థులతో ఊరూరా పటాలు గీయించండి. సర్వే శాఖ పటం పక్కన పెట్టి చూసే ఇంకో పటం జిల్లాలో ఉండాలి.

అధికారులకు చివరిగా ఒక్క మాట. ఈ లేఖకు జవాబుగా అర్జీ నంబరు కాకుండా గ్రామసభ తేదీలు పంపమని కోరుతున్నాం. నీళ్ళున్న కాలంలో సర్వే బృందానికి దోనెలు మేమే ఏర్పాటు చేస్తాం. ప్రతి ఊరి నుంచి హద్దులు తెలిసినవాళ్ళు నలుగురు, అందులో ఇద్దరు ఆడవాళ్ళు, మీ వెంట వస్తారు. ఈ కార్తీకం దాటేలోపు ఆ పని మొదలు కాకపోతే ఇదే లేఖను హైకోర్టుకు వేసే వ్యాజ్యానికి జత చేస్తామని కూడా గౌరవపూర్వకంగా తెలియజేస్తున్నాం.

ఇట్లు,
సోంపేట, కంచిలి, కవిటి మండలాల బీల అంచు గ్రామస్థులు
శ్రీకాకుళం జిల్లా